రెక్కల బోల్టులు

జూన్ 4

గుండె డాక్టరు ఈ రోజు తేల్చి చెప్పేశారు. మా ఆయన గుండెలో ఒక కవాటం గట్టిపడిపోయిందట, సరిగ్గా తెరుచుకోవడం లేదట. "తలుపు బిగుసుకుపోయింది అనుకోండి, మార్చాల్సిందే, ఈ నెల దాటనివ్వొద్దు" అన్నారు. చావుకబురు చల్లగా చెప్పడం అంటే ఇదే. ఆ గదిలో ఏసీ కూడా చల్లగానే ఉంది. నాకు మాత్రం చెమటలు పట్టాయి.

ఈయన బస్సు తోలి జుట్టు నెరిసిన మనిషి. ఎదురుగా లారీ వచ్చినా కంగారుపడేవారు కాదని డిపోలో చెప్పుకుంటారు. డాక్టరు చెప్పిందంతా విని, బల్ల మీదున్న పెన్ను తీసి, మళ్ళీ అక్కడే పెట్టి, "ఇంట్లో ఒక పని సగంలో ఉందండీ. బొమ్మ రైలుకి చెక్క బల్ల చేస్తున్నా. అదైపోగానే వచ్చి చేరిపోతా" అన్నారు.

డాక్టరు నా వైపు చూశారు, ఈయనకి మతి ఉందా అన్నట్టు. నేను పైట చెంగు మడతలు చూసుకుంటూ కూర్చున్నాను.

"ఎన్నాళ్ళ పని?"

"సామాను సరిగ్గా దొరికితే పది రోజులండీ."

"పది రోజులంటే పది రోజులే. ఈలోగా బరువులెత్తొద్దు, బజార్లు తిరగొద్దు. కావలసినవి మీ ఆవిడ తెచ్చిపెడతారు."

అలా సామాను తెచ్చే పని నా మీద పడింది. మంచిదే.

మా అక్క కూడా తన సంచి తనే పట్టుకుని, ఆటోవాడితో బేరమాడి, నవ్వుతూ ఆసుపత్రికి వెళ్ళింది. చిన్న ఆపరేషన్ అన్నారు. తిరిగి ఆ సంచి ఒక్కటే నేను ఇంటికి తెచ్చుకున్నాను. ఇది ఎవరితోనూ అనను. పైకి అంటే నిజమవుతుందని భయం, అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

జూన్ 5

ముందు గదిలో ఇక నడవడానికి దారి లేదు. వీధి తలుపు నుంచి మెట్ల దాకా బల్లే. మూడు ముక్కలు, ఒక్కోటీ నేను బట్టలు కత్తిరించే బల్లంత ఉంటుంది. కింద చెక్క చట్రం, పైన ప్లైవుడ్. పట్టాలు వేయడం తర్వాత సంగతి, ముందు ఈ మూడూ ఒకదానికొకటి బిగియాలి. బిగియడమే కాదు, మళ్ళీ ఊడాలి కూడా. గొడవంతా అక్కడే ఉంది.

"ఒక్కటిగా అతికించెయ్యొచ్చు కదా, ఈ ఊడదీత గోలెందుకు?" అన్నాను, మేడ మీద మెట్ల పక్కనున్న కుట్టు మెషీను దగ్గర నుంచే.

"ఊడాలోయ్. ఎప్పుడో ఒకప్పుడు తియ్యాల్సి వస్తుందిగా." చట్రాన్ని చేత్తో తడిమి చూసుకుంటూ అన్నారు. "పానా కూడా అక్కర్లేకుండా చేత్తో తిప్పితే వచ్చెయ్యాలి. నువ్వొక్కదానివే తియ్యగలగాలి."

నువ్వొక్కదానివే అన్నారు.

నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. కంటికి కన్నం కనపడలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఈయన నన్ను ఒక్కదాన్నే ఏదీ తియ్యమన్న మనిషి కాదు, పచ్చడి సీసా మూత కూడా ఈయనే తీస్తారు. మాకు పిల్లలు లేరు. ఈ ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉండే రోజు గురించి ఈయన ఆలోచించి పెట్టుకున్నారన్న మాట. బల్ల ముక్కలు ముక్కలుగా విప్పి, ఎవరికో ఇచ్చేసి, గది ఊడ్చుకోవడానికి నాకు వీలుగా.

కాలరు కుట్టాను. ఒక పక్క పొడుగు వచ్చింది, విప్పి మళ్ళీ కుట్టాను.

జూన్ 7

సామాన్ల కొట్టుకి వెళ్ళాను. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, ప్రతి సొరుగు మీదా ఒక్కో మేకో బోల్టో కట్టి ఉంటుంది, లోపల ఏముందో చదవక్కర్లేకుండా. కొట్టాయన లావుపాటి మనిషి, ముక్కు చివర కళ్ళజోడు, ఏది అడిగినా ముందు "దేనికి?" అంటాడు.

చెప్పాను. చెక్కలో పళ్ళ నట్లు దిగ్గొట్టేశారని, అంటే వెనక నుంచి సుత్తితో కొడితే పళ్ళతో చెక్కని కరుచుకునే నట్లు, వాటిలోకి ఎక్కే రెక్కల బోల్టులు నాలుగు కావాలని. తలకి రెండు రెక్కలుంటాయి వాటికి. తాళంచెవిలా వేళ్ళతో తిప్పొచ్చు.

"మంచి ఆలోచనే. పదే పదే ఊడదీసేదానికి మరమేకులు పనికిరావు. రెండు మూడు సార్లకి చెక్క వదులైపోద్ది" అన్నాడు. "నట్టు ఏ మరదమ్మా? మిల్లీమీటర్లా, అంగుళమా? చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ ఒకదాన్లో ఒకటి ఎక్కవు."

ఆయన ఎనిమిది మిల్లీమీటర్లు అని చెప్పే పంపారు. అక్కడ కొట్లో జనం, గోల. అంగుళం అన్నట్టున్నాను.

ఇంటికొచ్చాక ఆయన ఒకటి తీసి తిప్పారు. రెండు చుట్లు తిరిగింది, బిగుసుకుంది. తీసి, బోల్టుని వెలుతురులో పెట్టి చూసి, నన్ను చూశారు. "పర్లేదులే, ప్రస్తుతానికి వీటితోనే పట్టించి ఉంచుదాం, ముక్కలు కదలకుండా ఉంటే చాలు" అని పట్టకారుతో రెక్కలు పట్టుకుని నాలుగూ బలవంతంగా బిగించేశారు. కీచుమని చప్పుడు చేశాయి. అంత గట్టిగా తిప్పొద్దని అరిచాను. చేతి కోసం అన్నాననుకున్నారు. నేను గుండె కోసం అన్నాను.

జూన్ 8

పొరపాటే. సొరుగులు పక్కపక్కనే ఉన్నాయి. ఎవరికైనా జరుగుతుంది.

జూన్ 10

సరైన బోల్టులకి మళ్ళీ వెళ్ళాను. రెక్కలవి అయిపోయాయట. వస్తాయట.

అయిపోయాయి అన్నాడా, అయిపోవస్తున్నాయి అన్నాడా. ఏదో ఒకటి అన్నాడు.

ఈలోగా ఆయనకి ఇంకోటి కావలసి వచ్చింది. టీ తాగుతూ పాఠం చెప్పారు. బోల్టు పట్టుకుంటుందే కానీ చోటు చూపించదట. బోల్టు కన్నం బోల్టు కంటే కాస్త వదులుగా ఉండాలి, లేకపోతే దూరదు. ఆ వదులులో బల్ల వెంట్రుకవాసి పక్కకి జరిగితే చాలు, ఇటు పట్టా అటు పట్టాకి ఎదురు రాదు, బండి పడిపోతుంది. కాబట్టి చోటు చూపించడానికి ఇత్తడి జతలు కావాలి. ఒక చట్రంలో బొడిపెలాంటి మొటిక, ఎదుటి చట్రంలో గుంట. మొటిక గుంటలో కూర్చుంటే బల్ల ఎటూ జరగదు.

"టిచ్చు బటన్లు అన్నమాట" అన్నాను.

"అంతే. ముప్పై ఏళ్ళ నుంచి నువ్వు కుడుతున్నదే, నేనిప్పుడు నేర్చుకుంటున్నా." నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గాక కాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. టీ గ్లాసు ఆయన చేతిలోంచి తీసి పక్కన పెట్టాను.

ఇత్తడి జతలు కొట్లో లేవు. తెప్పించాలి, వారం పడుతుందన్నాడు కొట్టాయన. "తొందరేం లేదండీ" అన్నాను. అన్నాక బయటికొచ్చి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటుంటే ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. వారం.

మా మేనత్త అనేది, పని మిగిలినవాణ్ణి పైవాడు పిలవడని. ముసలమ్మ మాటలు. అయినా అంది కదా.

జూన్ 12

ఆడపడుచు వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టింది.

"ఏంటి వదినా ఇది? అక్కడ డాక్టరు చేరమని మొత్తుకుంటుంటే, ఇక్కడ చెక్కలు చెక్కుకుంటూ కూర్చున్నాడా అన్నయ్య?"

"ఆయనే అన్నారు, బల్ల అయ్యాకే అని."

"ఆయనంటే సరేనా? నువ్వు చెవి పట్టుకుని లాక్కెళ్ళాలి గానీ. ఆ జిగురేదో పూసి, నాలుగు మేకులు కొట్టి పారేస్తే సాయంత్రానికి అయిపోద్ది కదా."

"నాకు తెలుసమ్మా ఏం చెయ్యాలో" అన్నాను. గొంతు పెద్దదైంది. పాపం, అది బిత్తరపోయింది. అన్నయ్యంటే ప్రాణం దానికి, ఉన్నమాటే అంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు, ఉలుకు నాకెందుకు వచ్చిందో.

అది వెళ్ళాక జిగురు మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. జిగురు పెడితే ఊడదు. ఊడకపోతే నేను ఒక్కదాన్నే ఊడదీసే రోజు రాదు. ఇది తర్కం కాదని నాకూ తెలుసు. సాయంత్రం అడిగేశాను, "అతికించెయ్యండీ, ఊడడం ఎందుకు, ఎక్కడికీ పోయేది కాదు కదా" అని.

ఆయనకి కోపం రావడం అరుదు. వచ్చింది. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఊడాలన్నానా? ఊడి తీరాలి" అన్నారు. అని, ఆయాసపడి, కుర్చీ చేయి పట్టుకున్నారు. నేను ఆయన వీపు రాస్తూ నిలబడ్డాను.

జూన్ 15

మెట్ల మధ్యలో ఆగి గోడ పట్టుకున్నారు. చెప్పులో రాయి గుచ్చుకుంది అన్నారు. మేడ మీదికి ఆయన చెప్పులతో ఎక్కరు.

జూన్ 17

కొట్టాయన ఫోన్ చేశాడు. ఇత్తడి జతలు వచ్చాయని, రెక్కల బోల్టులూ ఉన్నాయని, మిల్లీమీటర్లవే.

జతలు తెచ్చాను. చేతిలో వేసుకుని చూస్తే ముచ్చటగా ఉన్నాయి, బరువుగా, నున్నగా. మొటికని గుంటలో పెడితే టక్కుమని కూర్చుంది, ఎటూ కదల్లేదు. బోల్టులు తేలేదు. సంచీ బరువైపోతుందని.

నాలుగు రెక్కల బోల్టులకి సంచీ బరువైపోతుందని రాశాను. సరే.

ఆయన గుమ్మంలోనే అడిగారు, "వచ్చాయా?" అని.

"ఇంకా రాలేదట" అన్నాను.

జతలు నా గుండీల డబ్బాలో అడుగున పెట్టి, పైన పాత చొక్కాల గుండీలు పోశాను.

జూన్ 18

"అవి ఎప్పటికి వస్తాయో గానీ, బందులతో కానిచ్చేద్దాం. పిన్ను లాగితే వచ్చేసేవి ఉంటాయి, తలుపు బందుల్లాంటివే. రెండు రెక్కల్నీ కలిపేది పిన్నే కాబట్టి చోటు కూడా అదే చూపిస్తుంది. పిన్ను లాగితే రెండు బల్లలూ విడిపోతాయి" అన్నారు. ఈయన బుర్ర ఆగదు.

వెళ్ళి బందులు తెచ్చాను. పిన్ను రెండు వైపులా కొట్టి మూసేసిన రకం. చచ్చినా ఊడదు.

ఆయన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. గోరుతో పిన్ను చివర గీకారు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి ఉన్నాను.

"కొట్టు వాడు ఇవే ఇచ్చాడండీ."

"సరేలే" అన్నారు.

తిడితే బాగుండేది.

జూన్ 20

ఆసుపత్రి నుంచి ఫోన్. ఆయన స్నానానికి వెళ్ళారు, నేను తీశాను. ఇరవై రెండుకి మంచం ఖాళీ ఉంది, చేరతారా అని అడిగింది ఆ అమ్మాయి. ఆయనకి జలుబు చేసిందని చెప్పాను. జలుబు ఉంటే ఆపరేషన్ చెయ్యరు, అది నాకు అక్కని చేర్చినప్పుడు తెలిసింది. "సరేనండీ, తగ్గాక చెప్పండి" అని పెట్టేసింది.

ఫోన్ ఎవరు అని అడిగారు. యూనిఫారాలు కుట్టించుకునే బడి వాళ్ళు అన్నాను.

బల్ల అయ్యాకే అని అన్నది ఆయన. నేను కాదు. బల్ల ఇంకా కాలేదు. నేనేం తప్పు చెప్పలేదు.

ఆయనకి జలుబు లేదు.

జూన్ 21

రోజంతా డ్రిల్లు చప్పుడు వింటూ కుడుతున్నాను. చప్పుడు వస్తుంటే ఆయన ఉన్నట్టు. ఆగితే మెషీను ఆపి చెవి పెట్టడం. మళ్ళీ వస్తే మళ్ళీ కుట్టడం. ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కుట్టాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యని తప్పు. ఇది మాత్రం నిజంగా తప్పే, కావాలని చేసింది కాదు.

అంటే మిగతావి కావాలని చేసినవే. రాసేశాను కాబట్టి ఇక కొట్టెయ్యను. నేను తప్పు బోల్టులు కావాలనే తెచ్చాను. జతలు కావాలనే దాచాను. ఆ బల్ల అయిపోతే ఆయన్ని నేను ఆసుపత్రిలో వదిలి, సంచి తెచ్చుకోవాలి. నాకు భయం. ఆపరేషన్ చెయ్యకపోతే ఏమవుతుందో డాక్టరు చెప్పారు, అదీ విన్నాను, అదీ భయమే. రెండు భయాల్లో దూరంగా ఉన్నదాన్ని ఎంచుకున్నాను. దూరంగా ఉందనుకున్నాను.

రేపు చెప్పేస్తాను ఆయనకి.

జూన్ 22

చెప్పలేదు. బాగా నవ్వుతూ ఉన్నారు ఈ రోజు. ఎందుకు చెడగొట్టడం.

జూన్ 24

నిన్న రాయలేదు. రాసే స్థితిలో లేను. ఇప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చుని, గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తున్నాను.

నిన్న పొద్దున టిఫిన్లయ్యాక డ్రిల్లు మొదలైంది. కుడుతున్నాను. ఎంతసేపటికో తట్టింది, ఆ చప్పుడులో ఎత్తుపల్లాలు లేవని. చెక్కలోకి దిగుతున్నప్పుడు డ్రిల్లు గొంతు బరువెక్కుతుంది, బయటికి లాగితే తేలికవుతుంది. ఇది ఒకే స్వరంలో అలా తిరుగుతూనే ఉంది. బట్ట మెషీను మీదే వదిలేసి మెట్లు దిగి పరిగెత్తాను.

బల్ల కాలికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నారు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. చేతిలో డ్రిల్లు తిరుగుతూనే ఉంది, వేలు మీట మీద బిగుసుకుపోయింది. వేలు విప్పి తీశాను. కళ్ళు తెరిచారు.

"ఒక్క క్షణం కళ్ళు తిరిగాయి, అంతే" అన్నారు.

అంబులెన్సుకి ఫోన్ చేశాను. ఆడపడుచుకి చేశాను. నీళ్ళు పట్టాను, తాగలేదు. పక్కన నేల మీద కూలబడ్డాను.

"ఏమోయ్, ఆ గుండీల డబ్బా ఇలా పట్రా" అన్నారు.

చెంగుతో ఆయన మొహం తుడుస్తున్నదాన్ని ఆగిపోయాను.

"మొన్న చొక్కా గుండీ ఊడితే, నిన్ను లేపడం ఎందుకని నేనే వెతుక్కున్నా. అడుగున ఆ ఇత్తడి జతలు ఉన్నాయి." ఆయాసం మధ్య ఆగి ఆగి మాట్లాడారు. "అసలు బోల్టుల దగ్గరే తెలుసు. సూది నంబరు వేలితో తడిమి చెప్పేదానివి. నువ్వు పొరపాటున మర తప్పు తెచ్చావంటే నేను నమ్ముతానా?"

"మరెందుకు అడగలేదండీ?"

"అడిగితే సరైనవి తెస్తావుగా." చూపు తిప్పుకున్నారు. "తెస్తే బల్ల అయిపోద్ది. అయిపోతే వెళ్ళి చేరాలి. నాకు మాత్రం భయం లేదా? నువ్వు తేకపోవడం నాకూ బాగానే ఉంది. అందుకే ఆ తప్పు బోల్టులు పట్టకారేసి మరీ బిగించా. నువ్వు తెచ్చావు, నేను బిగించా. ఇద్దరం కలిసే."

ముప్పై ఏళ్ళలో ఆయన నోట భయం అన్న మాట వినలేదు. ఆయన చేయి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. చల్లగా ఉంది.

అప్పుడు అడిగేశాను, ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నది. "నేనొక్కదాన్నే ఊడదియ్యాలన్నారు కదా. మీరు లేకుండా పోతే నేను సర్దుకోవడానికేగా?"

ఆయన నన్ను వింతగా చూశారు. "పిచ్చిదానా. ఆపరేషన్ అయ్యాక రెండు నెలలు మెట్లెక్కకూడదని డాక్టరు మొదటి రోజే చెప్పారుగా, నువ్వు విన్లేదా? మనకి కింద ఉన్నది ఈ గది ఒక్కటే. మంచం ఎక్కడ వేస్తావు? నేను అక్కడ ఆసుపత్రిలో పడుంటే, ఇక్కడ బల్ల తీసేదెవరు, నువ్వేగా?"

నేను వినలేదు. డాక్టరు ఆపరేషన్ తర్వాతి సంగతులు చెప్పేసరికి నా చెవుల్లో మార్చాల్సిందే అన్న మాట ఒక్కటే మోగుతోంది. ఆయన ఇంటికి తిరిగొచ్చి పడుకోవడానికి చోటు చేసుకుంటుంటే, నేను రెండు వారాల నుంచి ఆ చోటుకి బోల్టులు తప్పు తెస్తున్నాను.

ఏడ్చాను. "ఏడవకు, వాళ్ళొచ్చేసరికి మొహం కడుక్కో" అన్నారు.

అంబులెన్సు వాళ్ళు స్ట్రెచర్ లోపలికి తేలేకపోయారు. బల్ల అడ్డం. ముక్కలు ముక్కలుగా ఉంటే పక్కకి నెట్టేసేవాళ్ళు. మూడూ కలిసి బిగుసుకుని ఉన్నాయి, ఎత్తితే గోడకి కొట్టుకుంటోంది. చివరికి కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు మోసుకుంటూ బల్లకీ గోడకీ మధ్య నుంచి ఇరికించి తీసుకెళ్ళారు. ఆయన మోకాలు చట్రానికి గీరుకుని చర్మం లేచింది. నేను వెనకాల సంచి పట్టుకుని నడిచాను.

గుండె డాక్టరు మండిపడ్డారు. "పది రోజులన్నారు. ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారు? గుండె ఎంత అలిసిపోయిందో తెలుసా? ఎందుకింత ఆలస్యం?"

చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఈయన తన ముక్కుకున్న గొట్టం పక్కకి జరుపుకుని, "బోల్టులు దొరకలేదండీ" అన్నారు.

డాక్టరు తల కొట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఈయన నా వైపు తిరిగి కన్ను కొట్టబోయారు. రెండు కళ్ళూ మూతపడ్డాయి.

జూన్ 26

ఆయన్ని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారు. ఆడపడుచు నా పక్కనే కూర్చుంది. బోల్టుల సంగతి, జతల సంగతి, జలుబు సంగతి అన్నీ చెప్పేశాను దానికి. అంతా విని, నా చేయి పట్టుకుంది. పట్టుకుని, "నాకిప్పుడు నీ మీద కోపంగా ఉంది వదినా, తర్వాత మాట్లాడతా" అంది. చేయి మాత్రం వదల్లేదు.

జూన్ 27

నిన్న సాయంత్రం బయటికి తెచ్చారు. కవాటం మార్చారు, అది బాగానే కూర్చుందట. కానీ గుండె నీరసంగా ఉంది, ఊపిరి ఇంకా యంత్రమే ఇస్తోంది. కళ్ళు తెరవలేదు. తెరవాలి, చూడాలి అంటున్నారు. అద్దంలోంచి చూశాను. బస్సు స్టీరింగ్ తిప్పిన చేతులు పక్కన పడేసినట్టు ఉన్నాయి.

నర్సుని అడిగాను, ఇంటికొస్తే ఏమేం చూసుకోవాలని. "ఇంటికి వెళ్తే మెట్లు ఎక్కించొద్దమ్మా" అంది. వెళ్తే అంది. వెళ్ళాక అనలేదు. ఆ ఒక్క మాటా పట్టుకుని ఎంతసేపు నిలబడిపోయానో.

"నువ్వు ఇంటికెళ్ళి కాస్త మొహం కడుక్కుని రా వదినా, నేనుంటా" అంది ఆడపడుచు.

ఇంటికి వచ్చాను. మొహం కడుక్కోలేదు. బల్ల కిందికి దూరి బోల్టు రెక్కలు పట్టుకుని తిప్పాను. రాలేదు. పట్టకారుతో తిప్పాను. తిరిగింది. ప్రాణం లేచొచ్చింది. తిప్పాను, తిప్పాను, బోల్టు అంగుళం కూడా బయటికి రాలేదు. లోపల పళ్ళ నట్టు చెక్కని వదిలేసి బోల్టుతో పాటే గిర్రున తిరుగుతోంది. నాలుగూ అంతే. బల్ల ఇక ఊడదు. నేను కోరుకున్నట్టే అయింది.

కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన "దేనికమ్మా?" అన్నాడు ఎప్పటిలాగే. నిలబడ్డచోటే ఉన్నదున్నట్టు చెప్పేశాను, వెనక ఇంకో ఇద్దరు కొనేవాళ్ళుండగానే. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని విన్నాడు.

"తప్పు మర బిగిస్తే అంతేనమ్మా, రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. తిప్పి లాభం లేదు, కొయ్యాలి" అన్నాడు. ఇనుము కోసే రంపం బద్ద ఒకటి తీశాడు, పిడి లేకుండా ఉత్త బద్దే. "రెండు చట్రాల మధ్య సన్నటి సందు ఉంటది చూడండి, అందులోకి ఇది దూర్చండి. పిడి ఉంటే దూరదు. ఒక చివర గుడ్డ చుట్టుకోండి, చెయ్యి తెగుద్ది. తొందరపడితే బద్ద విరుగుద్ది. మావాణ్ణి పంపమంటారా?"

"వద్దండీ. నేనే తియ్యాలి" అన్నాను. సరైన రెక్కల బోల్టులు కూడా నాలుగు ఇమ్మన్నాను. కొత్త పళ్ళ నట్టు ఒకటి అడిగి తీసుకుని, నాలుగూ ఒక్కొక్కటిగా దాన్లో ఎక్కించి, దించి, చూసుకుని మరీ తెచ్చుకున్నాను.

గుడ్డ పేలికలకి నా దగ్గర కొదవా. బద్ద చివర చుట్టి, సందులో దూర్చి, కోశాను. మొదటిదానికి చాలాసేపు పట్టింది. ఇనప పొడి చీర మీద రాలుతోంది. ప్రతి లాగుకీ ఫోన్ మోగుతుందేమోనని ఆగాను. ఒకసారి మోగింది. బద్ద వదిలేసి తీశాను. బడి వాళ్ళు, యూనిఫారాలు ఎప్పటికి అవుతాయని. ఈసారి నిజంగా బడి వాళ్ళే.

రెండోది తెగగానే ఒక ముక్క విడిపోయింది. నా తుంటితో ఆపి, మెల్లగా గోడకి ఆనించాను. నేనొక్కదాన్నే ఎత్తగలిగేటంత బరువే ఉంది. ఆయన అది కూడా చూసే చేశారు. నాలుగోది తెగేసరికి అరచేతిలో గుడ్డ ఎర్రబడింది. మూడు ముక్కలూ గోడకి వరసగా నిలబెట్టాను. గది ఒక్కసారిగా పెద్దదైపోయింది. ఊడ్చాను.

మేడ మీద నుంచి మడత మంచం ఒక్కో మెట్టూ దింపుకుంటూ తెచ్చాను. పరుపు దొర్లించాను. ఉతికిన దుప్పటి వేశాను. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఇంకా అలాగే ఉన్నాడు వదినా, అంది ఆడపడుచు. ఏడ్చి ఉంది, గొంతులో తెలుస్తోంది.

తలగడ వీధి వైపు పెట్టాలో, మెట్ల వైపు పెట్టాలో తెలియడం లేదు. మేడ మీద ఎప్పుడూ కిటికీ వైపు పెట్టుకునేవారు, ఇక్కడ కిటికీ రెండు వైపులా ఉంది. చేతిలో తలగడ పట్టుకునే రాస్తున్నాను. ఇప్పుడే బయల్దేరుతున్నాను. వెళ్ళి ఆయన్నే అడగాలి.